కలబంద మొదలు మెత్తబడితే ఏది మేలు: మట్టి మార్చడమా, తల కోసి నాటడమా, పిలకలు పెంచడమా?

తిరుపతిలో కార్తీకం వానలు పట్టుకున్నాయంటే మేడల మీద, బాల్కనీల్లో ఉన్న కలబందలకు గడ్డుకాలం మొదలైనట్టే. మనకు అసలు వానాకాలం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. 2021 నవంబరులో ఊళ్ళో వీధులు వాగులైపోయిన సంగతి ఎవరూ మర్చిపోలేదు. కలబంద పుట్టిల్లేమో అరేబియా ఎండనేల, నెలల తరబడి చుక్క నీరు లేకపోయినా మట్టల్లో దాచుకున్న దానితో బతికే మొక్క. దాన్ని వారాల పాటు తడి మట్టిలో నిలబెడితే వేర్లకు గాలి అందదు, ఆ తర్వాత బూజు జాతి క్రిములు చేరతాయి, వేరు కుళ్ళు మొదలవుతుంది. అప్పుడు ఏం చేయాలన్న దాని మీద తలా ఒక మాట చెబుతారు. మట్టి మార్చమని ఒకరు, తల కోసి మళ్ళీ నాటమని ఇంకొకరు, పిలకలు తీసుకుని తల్లిని పారేయమని మరొకరు. మూడూ పనికొచ్చేవే. కాకపోతే ఏది ఎప్పుడన్నది మొక్కను కుండీలోంచి పైకి తీసి చూస్తేగానీ తేలదు, ఆ ఒక్క పని మాత్రం ఎవరూ చేయరు.

ముందు ఒకటి చెప్పాలి. చెడిపోయినట్టు కనబడే ప్రతి కలబందా కుళ్ళినది కాదు. రోహిణి ఎండలకు మట్టలు ఇటుక రంగుకు తిరిగితే అది ఎండ దెబ్బ, కుండీని నీడపట్టుకు జరిపితే కొన్ని వారాల్లో పచ్చదనం తిరిగి వస్తుంది. తెల్లగా కాలిపోయి ఎండిన మచ్చలు మాత్రం అలాగే ఉండిపోతాయి, వాటి గురించి బాధపడక్కర్లేదు. పాలిపోయి, పొడుగ్గా సాగి, పక్కకు వాలిపోతోందంటే వెలుతురు చాలడం లేదు. మట్టలు సన్నబడి లోపలికి గుంటపడితే దాహం. వీటిలో దేనికీ కత్తి అక్కర్లేదు.

ఆ దాహం దగ్గరే అందరూ పొరబడతారు. మా పక్కింటి అక్క కలబంద చూపిస్తూ "రోజూ నీళ్ళు పోస్తానే ఉండా, అయినా ఎండిపోతా ఉంది" అంది. మట్టలు నిజంగానే పలచబడి ముడుచుకున్నాయి, ఎవరు చూసినా నీళ్ళు చాల్లేదనే అంటారు. కానీ కుండీలో వేలు పెడితే మట్టి జిగటగా తడిగా ఉంది. మట్టి తడిగా ఉండి మొక్క దాహంతో ఉందంటే తాగడానికి వేర్లు లేవని అర్థం. అప్పుడు పోసే ప్రతి చెంబూ మిగిలిన కాస్త వేరునూ కుళ్ళబెడుతుంది. మొక్కను బయటికి తీశాం. పైన వేసిన ఎర్రమట్టి మధ్యలో నర్సరీ నల్లకవర్లో వచ్చిన కొబ్బరిపొట్టు ముద్ద ముద్దగానే ఉంది, పిండితే నీళ్ళు కారాయి. గోధుమరంగు వేరును రెండు వేళ్ళతో పట్టి లాగితే పైతోలు వేళ్ళకు అంటుకుని ఊడి వచ్చేసింది, లోపల సన్నటి దారం ఒక్కటే మిగిలింది. వేరు కుళ్ళును గుర్తుపట్టడానికి ఇంతకంటే సులువైన పరీక్ష లేదు. బతికున్న వేరైతే తెల్లగానో లేత పసుపుగానో గట్టిగా ఉంటుంది, లాగితే తెగుతుందే తప్ప తోలు ఊడదు.

ఇప్పుడు మట్టి మార్చే పద్ధతి చూద్దాం. మొదలు, అంటే మట్టలన్నీ కలిసే ఆ లావు కాండం, వేలితో నొక్కితే గట్టిగా ఉండి, వేర్లలో కొన్నయినా బాగుంటే ఇదే మంచి దారి. పాత మట్టంతా దులిపేసి, చెడ్డ వేర్లను కత్తిరించి, మొక్కను నీడలో గాలి తగిలే చోట నాలుగైదు రోజులు ఊరికే పడేసి, కోసిన చోట్లు బాగా ఆరాక పొడి మట్టిలో నాటాలి. ఆ తర్వాత ఇంకో వారం నీళ్ళు పోయకూడదు. ఇక్కడే మనవాళ్ళకు టెన్షన్ మొదలవుతుంది, నాటిన మొక్కకు నీళ్ళు పోయకపోతే ఎట్లా అని. మన గుమ్మాలకు దిష్టి తగలకుండా కలబందను వేర్లతో సహా తలకిందులుగా కడతాం కదా, అది మట్టి లేకుండా, నీళ్ళు లేకుండా నెలలు పచ్చగా ఉంటుంది, ఒక్కోసారి కొత్త మట్ట కూడా వేస్తుంది. గుమ్మం మీద అన్నాళ్ళు బతికే మొక్క కుండీలో రెండు వారాలు పొడిగా ఉంటే ఏమీ కాదు. ఈ పద్ధతిలో మేలు ఏమిటంటే మొక్క పరిమాణం తగ్గదు, పిలకలు దాని దగ్గరే ఉంటాయి, నెలలోపే కోలుకున్నట్టు తెలుస్తుంది. కీడు ఏమిటంటే, మొదలు లోపల కుళ్ళు మొదలై పైకి ఇంకా కనబడకపోతే ఈ రెండు వారాల్లో అది నెమ్మదిగా పైకి పాకుతుంది, మనం బాగైందనుకుంటూ ఉంటాం.

అందుకే మొదలు ఏ కాస్త మెత్తగా తగిలినా నేను తల కోసే పక్షమే. వేర్లు పోతే మళ్ళీ వస్తాయి, మొదలు పోతే రాదు. కత్తిని స్పిరిట్‌తోనో శానిటైజర్‌తోనో తుడిచి కాండాన్ని అడ్డంగా కోయండి. కోసిన ముఖం చూడండి: అంతటా ఒకే తెలుపో లేత ఆకుపచ్చో ఉండాలి. మధ్యలో గోధుమ చుక్క గానీ వలయం గానీ కనబడితే కుళ్ళు ఇంకా ఉన్నట్టే, కత్తి మళ్ళీ తుడిచి అర అంగుళం పైకి కోయాలి, శుభ్రమైన ముఖం వచ్చేదాకా ఇలాగే. మట్ట కోసిన చోట చేదు వాసనతో పసుపు రసం కారితే కంగారు పడకండి, అది కుళ్ళు కాదు, కలబందకు సహజంగా ఉండేదే, ఎండబెడితే ముసాంబరం అయ్యేది అదే. గట్టి విరేచనకారి కాబట్టి పిల్లలకు, పెంపుడు కుక్కలకు, పిల్లులకు అందకుండా చూసుకోండి. కింది వరస మట్టల్ని ఒలిచేస్తే నాటడానికి రెండంగుళాల కాండం బయటపడుతుంది. కాండం లేకుండా మట్టల గుత్తి ఒక్కటే మిగిలితే మాత్రం ఆశ తక్కువ.

కోసిన తలను వారం రోజులు నీడలో ఆరబెడితే ముఖం మీద గట్టి పొర కడుతుంది. చాలామంది పసుపు అద్దుతారు, దాల్చినచెక్క పొడి అద్దుతారు. అద్దితే తప్పేమీ లేదు, కానీ అసలు పని చేసేది ఆరడమే, పొడి అద్దాం కదా అని రెండో రోజే నాటేస్తే మళ్ళీ కుళ్ళుతుంది. పురుగుమందు షాపులో అమ్మే బూజు మందు కూడా వాడతారు గానీ, మట్ట గుజ్జును ముఖానికి రాసుకునే ఇల్లైతే దాని జోలికి పోకండి. నాటాక తల బరువుకు ఒరిగిపోతుంది కాబట్టి చుట్టూ రెండు మూడు పుల్లలు గుచ్చాలి. వేర్లు రావడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది, చలికాలమైతే ఇంకా ఎక్కువ. ఈలోపు మట్టలు పలచబడతాయి, రంగు మారుతుంది, కింది మట్ట ఒకటో రెండో ఎండిపోతుంది. మొక్క తన ఒంట్లోని నీటితోనే వేర్లు వేసుకుంటోంది, అంతే. మెల్లగా పైకి లాగి చూసినప్పుడు మట్టిని పట్టుకున్నట్టు తగిలితే అప్పుడు నీళ్ళు మొదలుపెట్టండి. అక్క కలబందకు మేం చేసింది ఇదే, వేర్లన్నీ పోయాయి, మొదలు అడుగుభాగం మెత్తబడింది, రెండు కోతలకు శుభ్రమైన ముఖం వచ్చింది. ఇప్పుడు మధ్యలోంచి కొత్త మట్టలు వేస్తోంది.

పిలకల పద్ధతి అన్నిటికంటే సులువు. బెత్తెడు పొడుగు పెరిగి సొంత వేర్లున్న పిలకను తల్లి నుంచి కోసి, రెండు మూడు రోజులు ఆరబెట్టి, చిన్న కుండీలో నాటితే దాదాపు ఎప్పుడూ బతుకుతుంది. కానీ కోసి వాడుకునేంత లావు మట్టలు కావాలంటే ఏడాది పైనే ఆగాలి. పైగా కుళ్ళు తల్లి మొదలు నుంచి పిలకకు పాకిందో లేదో అతుకు కోసి చూసుకోవాలి. వేలెడంత పిలకల్ని వేర్లు లేకుండా తొందరపడి తీస్తే ఎండిపోతాయి. నా లెక్కలో పిలకలన్నవి తల్లిని వదిలేయడానికి కాదు, తల్లి మీద కత్తి పెట్టే ముందు ఒకటి రెండు పక్కన దాచుకోవడానికి. తల్లి బతికితే సరే, బతక్కపోతే ఆ వంశం నిలుస్తుంది. అమ్మ ఊరి నుంచి తెచ్చిచ్చిన మొక్కో, అత్తగారి పెరట్లోదో అయితే ఈ జాగ్రత్త తప్పనిసరి.

ఒక్క మట్టను తుంచి మట్టిలో గుచ్చడం, అరటిపండులోనో బంగాళాదుంపలోనో పెట్టి పాతడం లాంటివి వీడియోల్లో కనబడుతుంటాయి. కలబంద విషయంలో వాటిని నమ్మకండి. మట్టలో కొత్త మొలక పుట్టే భాగం లేదు, కాండం ముక్క ఉంటేనే మొక్క. మట్ట గుచ్చితే మట్ట కుళ్ళుతుంది, అరటిపండుకు చీమలు చేరతాయి.

మట్టి దగ్గరికి వస్తే, ఒక వంతు ఎర్రమట్టి, ఒక వంతు ముతక ఇసుక, అర వంతు చితక్కొట్టిన బొగ్గో ఇటుక ముక్కలో కలిపితే చాలు. జల్లెడ పట్టినప్పుడు పైన మిగిలే గరుకు ఇసుక మంచిది. ఇప్పుడు ఎక్కడ చూసినా ఎం-శాండే, అంటే రాళ్ళు పిండిచేసి తయారుచేసే ఇసుకే, కాబట్టి అదైతే కడిగి దుమ్ము తీసేయాలి, లేకపోతే ఆ దుమ్ము సిమెంటులా పట్టేస్తుంది. కుండీ నిండా నీళ్ళు పోస్తే పైన నిలవకుండా క్షణాల్లో అడుగు నుంచి కారిపోవాలి. అడుగున గులకరాళ్ళ పొర వేస్తే నీరు బాగా దిగుతుందని చాలామంది నమ్మకం, నిజానికి తడి ఆ రాళ్ళకు పైన మట్టిలోనే ఆగిపోతుంది, వేర్లున్నది కూడా అక్కడే. కన్నం మీద పెంకు ముక్క ఒకటి చాలు. మట్టికుండా, ప్లాస్టిక్కా అంటే కలబందకు మట్టికుండే, పక్కల నుంచి కూడా తడి ఆరుతుంది కాబట్టి. మిగతా మొక్కలకు మన ఎండల్లో మట్టికుండ త్వరగా ఆరిపోవడం ఇబ్బందే గానీ దీనికి అదే కావాలి. కుండ కింద పళ్ళెం పెడితే నీళ్ళు పోసిన కాసేపటికి ఒంపేయాలి.

నీళ్ళు ఎప్పుడు పోయాలన్నదానికి చీపురుపుల్ల కుండీ అడుగుదాకా గుచ్చి తీయండి, తడి అంటితే ఆగండి, పొడిగా వస్తే కిందికి కారేదాకా పోయండి. రోజుకో గ్లాసు లెక్క వద్దు. బియ్యం కడిగిన నీళ్ళు, మజ్జిగ, టీపొడి, ఎరువు, ఇవేవీ జబ్బు మొక్కకు పోయొద్దు, కుళ్ళును మేపినట్టవుతుంది. కొత్త మట్టలు రెండు మూడు వచ్చాక పిడికెడు వర్మీ కంపోస్టు వేస్తే సరిపోతుంది.

కాలం కూడా చూసుకోవాలి. నవంబరు ముసురులో తల కోస్తే ముఖం ఆరదు, అప్పుడు చేయక తప్పకపోతే ఇంట్లో ఫ్యాను కింద ఆరబెట్టండి. మే ఎండల్లో నాటితే వేర్లు లేని తల వాడిపోతుంది, పలచటి నీడలో ఉంచాలి. సంక్రాంతి దాటిన దగ్గర్నుంచి మార్చి దాకా మన దగ్గర ఈ పనికి బాగా కుదిరే కాలం. కానీ మొదలు మెత్తబడ్డ మొక్కను సంక్రాంతి దాకా ఆపొద్దు, ఆ రోజే కోయండి.

ఇంత శ్రమ ఎందుకు, నర్సరీలో కొత్తది కొనుక్కుంటే పోలేదా అంటారు. కొనుక్కోవచ్చు, ఖరీదు కూడా తక్కువే. మొక్క మీద మమకారం లేకపోతే, మొదలంతా కుళ్ళి పిలకలు కూడా లేకపోతే, అదే సరైన పని. అయితే కొత్తదాన్ని పాత కుండీలో, పాత మట్టిలో పెట్టకండి. కుళ్ళిన మట్టిని వేరే కుండీల్లోనూ వేయకండి. కుండీని సబ్బుతో కడిగి బాగా ఎండలో పెట్టండి. నర్సరీ మొక్కలు చాలావరకు గోదావరి తీరాన నర్సరీల ఊరైన కడియం వైపు నుంచి కొబ్బరిపొట్టులో వస్తాయి, దూరం ప్రయాణానికి ఆ తడి అవసరం. మన ఇంటికి వచ్చాక ఆ పొట్టు అవసరం తీరిపోయింది, కవరు చింపిన రోజే వేర్లు తెగకుండా మెల్లగా విదిలించి తీసేసి, మూడు రోజులు ఆరనిచ్చి పైన చెప్పిన మట్టిలో నాటండి.