సబ్‌నాటికాలో రీపర్: ఒక జువాలజీ లెక్చరర్ రివ్యూ

వీడియో గేముల్లో గ్రహాంతర జీవి అంటే చాలావరకు తుపాకీ గురి కోసం పెట్టిన బొమ్మ. వస్తుంది, అరుస్తుంది, కాలిస్తే పడిపోతుంది. అది ఏం తింటుంది, ఎక్కడ తిరుగుతుంది, మనిషి అక్కడికి రాకముందు ఎలా బతికేది అన్న ఆలోచన ఎక్కడా కనిపించదు. సబ్‌నాటికా అనే ఆట ఆ ఆలోచన చేసింది. కాకినాడలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పే నేను ఒక గేమ్ గురించి ఇంత రాయడానికి కారణం అదే.

మా అబ్బాయి కంప్యూటర్‌లో ఆడుతుంటే పక్కన కూర్చుని చూడటంతో మొదలైంది. తర్వాత వాడు పడుకున్నాక నేనే ఆడటం మొదలుపెట్టాను. శాన్‌ఫ్రాన్సిస్కోలోని అన్‌నోన్ వరల్డ్స్ అనే చిన్న సంస్థ తయారుచేసిన ఆట ఇది. 2014 చివర్లో సగం పూర్తయిన రూపంలో అమ్మకానికి పెట్టి, ఆడేవాళ్ళు చెప్పినవి వింటూ మార్చుకుంటూ వచ్చి, 2018 జనవరిలో పూర్తి ఆటగా విడుదల చేశారు. కథ చిన్నది. అరోరా అనే అంతరిక్ష నౌక 4546బి అనే గ్రహం మీద కూలిపోతుంది. ఆ గ్రహమంతా దాదాపు సముద్రమే. మీరు ఒక చిన్న లైఫ్‌పాడ్‌లో, అంటే ప్రమాదంలో తప్పించుకునే చిన్న గదిలో, బతికి బయటపడతారు. చేపలు పట్టుకుని తినాలి, నీళ్ళు చేసుకోవాలి, ముక్కలు ఏరుకుని పనిముట్లు తయారుచేసుకోవాలి, మెల్లగా లోతుకు దిగాలి.

ఇందులో తుపాకులు లేవు. 2012లో అమెరికాలోని శాండీ హుక్ స్కూల్లో జరిగిన కాల్పుల ప్రభావం ఈ నిర్ణయం మీద ఉందని ఆట డైరెక్టర్ చార్లీ క్లీవ్‌లాండ్ చెప్పాడు. ఆ నిర్ణయం వల్ల ఆట మొత్తం మారిపోయింది. చేతిలో చిన్న కత్తి ఉంటుంది, తర్వాత జంతువును కాసేపు కదలకుండా ఆపేసే స్టేసిస్ రైఫిల్ దొరుకుతుంది. చంపడానికి పనికొచ్చే పెద్ద ఆయుధం ఏదీ రాదు. కాబట్టి ఎదురుగా ఉన్న జంతువు ఎప్పుడు కదులుతుంది, దేనికి కోపం తెచ్చుకుంటుంది, ఎంత దూరం వెంటపడుతుంది అన్నది చూసి నేర్చుకోవాల్సిందే. అడవిలో పనిచేసే జీవశాస్త్రవేత్త చేసే పని ఇదే.

ఇప్పుడు ఆ సముద్రంలో తిరిగే భారీ వేటజంతువు రీపర్ లెవియాథన్ సంగతి. ఆటలో అతిపెద్ద జంతువులను లెవియాథన్‌లు అంటారు. పొడవు 55 మీటర్లు. ఇప్పుడు భూమ్మీద ఉన్న అతిపెద్ద జంతువు నీలి తిమింగలమే దాదాపు 30 మీటర్ల దగ్గర ఆగిపోతుంది. తెల్లటి శరీరం, ఎర్రటి రెక్కలు, నోటి చుట్టూ నాలుగు పెద్ద కొక్కేల్లాంటి దవడలు, నాలుగు నల్లటి చిన్న కళ్ళు. అరోరా కూలినచోట, డ్యూన్స్ అనే ఇసుక మైదానంలో, ఉత్తరం వైపు పర్వతాల దగ్గర తిరుగుతుంది. డ్యూన్స్‌లోకి అడుగుపెడితే మీ దగ్గరున్న కంప్యూటర్ ఇక్కడ లెవియాథన్‌లు చాలా ఉన్నాయని హెచ్చరించి, మీరు చేస్తున్న పని అంత అవసరమా అని అడుగుతుంది. నేను మొదటిసారి ఆ మాట విన్నప్పుడు నిజంగానే వెనక్కి తిప్పేశాను.

దాని దవడలను కాస్త నిదానంగా చూడాలి. వేటజంతువు నోరు చూస్తే అది ఎంత పెద్ద ఎర కోసం తయారైందో చెప్పేయవచ్చు. తూనీగ పిల్ల నీళ్ళలో ఉన్నప్పుడు కింది పెదవిని చటుక్కున ముందుకు చాచి ఎరను పట్టుకుని నోటి దగ్గరికి లాక్కుంటుంది. రీపర్ దవడలూ అలాంటివే. నమలడానికి కాదు, పట్టుకుని నోటి దగ్గరికి తెచ్చుకోవడానికి. సీమాత్ అనే ఒంటి మనిషి జలాంతర్గామిలో వెళ్తుంటే దాన్ని ఆ నాలుగు దవడల మధ్య ఇరికించి, ముఖానికి ఎదురుగా పెట్టుకుని ఊపేస్తుంది. కొంచెం సేపు నలిపి వదిలేస్తుంది. సీమాత్ ఆ దవడల్లో సరిగ్గా సరిపోతుంది. ఈదుతున్న మనిషి మాత్రం వాటికి చాలా చిన్న ఎర. అంటే ఈ జంతువు సహజంగా వేటాడేది ఒక చిన్న కారంత ప్రాణిని అయి ఉండాలి. ఇది ఆటలో ఎవరూ చెప్పరు. బొమ్మ గీసినవాళ్ళు శరీరంలో అంత అర్థం పెట్టారు కాబట్టే మనం ఊహించగలుగుతున్నాం.

ఎరుపు రంగు కూడా నాకు నచ్చింది. నీళ్ళలో ఎర్రటి వెలుతురు అన్నిటికన్నా ముందు ఇంకిపోతుంది. కొద్ది మీటర్ల లోతుకే ఎరుపు నల్లగా కనిపించడం మొదలవుతుంది. మన సముద్రాల్లోనూ లోతుల్లో ఉండే రొయ్యలు, చేపలు చాలా ఎర్రగా ఉండటానికి కారణం ఇదే. దగ్గరికి వచ్చి మన లైటు పడితే తప్ప రీపర్ ఎరుపు తెలియదు. అప్పటికి ఆలస్యం అయిపోతుంది.

ఇక గర్జన. ఈ ఆట ఆడినవాళ్ళు ఎవరిని అడిగినా ముందు దాని గురించే చెబుతారు. సైమన్ చిలిన్‌స్కీ చేసిన శబ్దాలు అవి. రీపర్ కనిపించకముందే వినిపిస్తుంది. బరువైన, నీళ్ళను కదిలించే అరుపు. స్కానర్‌తో రీపర్‌ను స్కాన్ చేస్తే వచ్చే సమాచారంలో, ఆ గర్జన సోనార్‌లాగా, అంటే తిరిగొచ్చే ప్రతిధ్వనితో ఎదుట ఏముందో తెలుసుకునేలా పనిచేస్తుందని, అది మీకు వినిపిస్తోందంటే రీపర్‌కు మీరు కనిపిస్తున్నట్టేనని రాసి ఉంటుంది. అది చదివాక మళ్ళీ నీళ్ళలోకి దిగినప్పుడు వచ్చే టెన్షన్ వేరు.

జువాలజీ చెప్పేదాన్ని కాబట్టి ఇక్కడ నాకు ఒక అభ్యంతరం ఉంది. శబ్దంతో ఒక వస్తువును పసిగట్టాలంటే ఆ శబ్దం తరంగదైర్ఘ్యం వస్తువు కన్నా చిన్నదిగా ఉండాలి. సముద్రపు నీళ్ళలో శబ్దం సెకనుకు సుమారు 1500 మీటర్లు పోతుంది. 100 హెర్ట్జ్ బొంగురు గర్జన అనుకుంటే దాని తరంగం 15 మీటర్లు. దానితో కొండ చరియలు, అరోరా అంత నౌక తెలుస్తాయి కానీ ఆరడుగుల మనిషి తెలియడు. డాల్ఫిన్లు లక్ష హెర్ట్జ్ దాటిన టిక్ టిక్ శబ్దాలు వాడతాయి. అక్కడ తరంగం ఒకటిన్నర సెంటీమీటర్ కూడా ఉండదు కాబట్టి చిన్న చేప కూడా వాటికి దొరుకుతుంది.

ఇంకో సంగతి. నిజమైన వేటజంతువులకు ఎర వింటుందన్న భయం ఉంటుంది. ఉత్తర పసిఫిక్‌లో ఓర్కాలు (కిల్లర్ వేల్స్) వేర్వేరు రకాలుగా బతుకుతాయి. సాల్మన్ చేపలు తినేవి ధారాళంగా శబ్దాలు చేస్తూ వేటాడతాయి, ఎందుకంటే సాల్మన్‌కు అంత పై స్థాయి శబ్దం వినపడదు. సీల్‌లను, ఇతర తిమింగలాలను తినేవి మాత్రం వేట సమయంలో దాదాపు నోరు మూసుకుని ఈదుతాయి. వాటి ఎరకు చెవులు చాలా చురుకు. ఈ లెక్కన అంత గట్టిగా అరిచే రీపర్ ఆకలితో చచ్చిపోవాలి.

నా ఉద్దేశంలో ఆ గర్జన వేటకు కాదు, ఇది నా చోటు అని చెప్పుకోవడానికి. సింహం రాత్రిళ్ళు గర్జించేది కూడా అందుకే. ఆటలో రీపర్ ప్రవర్తన చూస్తే ఇదే సరిపోతుంది. ప్రతి రీపర్‌కూ ఒక పరిధి ఉంటుంది. అది దాటి చాలా దూరం వెంటపడదు. కాసేపు దాడి చేసి, వదిలి, పక్కకు తిరిగి మళ్ళీ చుట్టూ తిరుగుతుంది. స్కానర్ ఇచ్చే సమాచారం ఒక యంత్రం తొందరగా వేసిన అంచనా. దాన్ని పక్కన పెట్టి మన కళ్ళతో చూసి వేరే నిర్ణయానికి రావడానికి ఈ ఆట చోటిస్తుంది. నాకు అన్నిటికన్నా ఎక్కువ ఆనందం ఇచ్చింది ఇదే.

ఆట నిజంగా తడబడేది ఆహారం దగ్గర. పిల్లలకు మొదట చెప్పేది ఆహార పిరమిడ్. ఒక మెట్టు నుంచి పై మెట్టుకు చేరే శక్తి సుమారు పది శాతమే. అందుకే పై మెట్టులో జంతువులు తక్కువ, వాటికి తిరగడానికి కావాల్సిన చోటు చాలా ఎక్కువ. అంత పెద్ద నీలి తిమింగలం బతుకుతోందంటే అది పై మెట్టు ఎక్కకుండా కింద ఉన్న క్రిల్ అనే చిన్న రొయ్యల్లాంటి జీవులనే తింటుంది కాబట్టి. పళ్ళతో పట్టుకుని తినేవాటిలో ఇప్పుడు అతిపెద్దది స్పెర్మ్ తిమింగలం, మగది సుమారు 16 మీటర్లు. 55 మీటర్ల వేటజంతువులు ఒక ఇసుక మైదానంలో ఇన్ని కలిసి ఉండటం కుదరదు. అక్కడ శాండ్‌షార్క్‌లు, గ్యాసోపాడ్‌లు అనే జంతువులు తిరుగుతుంటాయి కానీ రీపర్ వాటి వెంటపడటం నేను చూడలేదు. దానికి మనిషి, మనిషి నడిపే బండి తప్ప ఇంకేవీ పట్టనట్టు ఉంటుంది. ఇంత ఆలోచించి చేసినవాళ్ళు రీపర్ మరో జంతువును పట్టుకుని తినే దృశ్యం ఒక్కటి పెట్టి ఉంటే ఎంత బాగుండేది!

ఆ లోటు గోస్ట్ లెవియాథన్‌లో లేదు. ఇది 107 మీటర్లు, గాజులా పారదర్శకంగా, నీలంగా మెరుస్తుంది. పెద్దవి నీళ్ళలోని సూక్ష్మజీవులను వడపోసుకుని తింటాయి. పిల్లలు లాస్ట్ రివర్ అనే లోతైన నదిలాంటి చోట గుడ్ల నుంచి పుట్టి, అక్కడ కొంత పెరిగి, పెద్దయ్యాక బయట అడుగు తెలియని సముద్రంలోకి వెళ్ళిపోతాయి. మనల్ని చూస్తే దాడి చేస్తాయి, తినడానికి కాదు. వాటి చోటులోకి వచ్చాం కాబట్టి. నీటిగుర్రం గడ్డి తినే జంతువే కానీ ఆఫ్రికాలో పడవల మీదికి వచ్చి మనుషులను చంపుతుంది. జంతువు ప్రమాదకరం కావాలంటే మాంసాహారి కానవసరం లేదన్న పాఠాన్ని ఇంత అందంగా చూపించిన ఆట నాకు తెలిసి మరొకటి లేదు. జీవశాస్త్రం పరంగా నా మార్కులు రీపర్ కన్నా దీనికే ఎక్కువ.

చిన్న జంతువుల్లోనూ ఈ శ్రద్ధ ఉంది. స్టాకర్లు లోహపు ముక్కలను నోట కరుచుకుని తిరుగుతాయి, ఆ పనిలో పళ్ళు ఊడి పడతాయి. ఆ పళ్ళు మనకు గట్టి అద్దం చేసుకోవడానికి కావాలి. చంపితే పని జరగదు. లోహం ముక్కలు అక్కడ వేసి, చేప తినిపించి మచ్చిక చేసుకుని, ఓపికగా చూడాలి. క్రాబ్‌స్క్విడ్ దగ్గరికి వస్తే విద్యుత్ తరంగం వదిలి మన బండిని ఆపేస్తుంది. రీఫ్‌బ్యాక్‌లు ఎవరి జోలికీ పోకుండా వీపు మీద మొక్కలు మోసుకుంటూ ఈదుతుంటాయి. ఉప్పాడ నుంచి వచ్చే నా స్టూడెంట్ ఒకమ్మాయి ఈ రీఫ్‌బ్యాక్‌ను చూసి, "మేడమ్, తాబేలు వీపు మీద కూడా ఇలాగే చిప్పలు పడతాయి" అంది. అవును, బార్నకిల్స్. వాళ్ళ నాన్న వలల్లో చూసి చెప్పిన మాట అది. ఆ రోజు సహజీవనం పాఠం దాని మీదే నడిచింది.

ఆడాలనుకునేవాళ్ళకు నాలుగు మాటలు. హెడ్‌ఫోన్స్ తప్పనిసరి. నిజంగా నీళ్ళలో ఉంటే శబ్దం ఎటు నుంచి వస్తుందో మన చెవులకు సరిగా తెలియదు, అది రెండు చెవులకూ దాదాపు ఒకేసారి చేరిపోతుంది కాబట్టి. ఆటలో మాత్రం దిక్కు స్పష్టంగా తెలుస్తుంది, అదే మీ ప్రాణం కాపాడుతుంది. ఆకలి, దాహం చూసుకోవడం విసుగు అనిపిస్తే ఫ్రీడమ్ మోడ్ పెట్టుకోండి, అందులో అవి ఉండవు, జంతువులు మాత్రం అలాగే ఉంటాయి. దూరం నుంచి వేగంగా వస్తుంటే కొండలు, మొక్కలు కళ్ళముందే ఆలస్యంగా పుట్టుకొస్తాయి. పాత కంప్యూటర్లలో అది మరీ ఎక్కువ. తెలుగు లేదు. సమాచారమంతా ఇంగ్లీషులోనే చదువుకోవాలి, ఎనిమిదో తరగతి దాటిన పిల్లలకు కష్టం కాదు. లోతైన నీళ్ళంటే నిజంగా భయపడే పిల్లలకు మాత్రం ఇవ్వకండి. ఇది సరదా భయం కాదు.

రీపర్‌ను స్కాన్ చేయాలనుకుంటే సీమాత్‌కు పెరిమీటర్ డిఫెన్స్ పెట్టుకుని వెళ్ళండి. పట్టుకున్నప్పుడు కరెంటు వదిలితే వదిలేస్తుంది. స్టేసిస్ రైఫిల్ పూర్తిగా చార్జ్ చేసి కాల్చి, అది ఆగిన ఆ కొద్ది సేపట్లో స్కాన్ ముగించాలి. కత్తితో చంపడానికి చూడకండి. మాంసం రాదు, బహుమతి రాదు, తర్వాత ఆ చోటు ఖాళీగా ఉంటుంది, అంతే. మా అబ్బాయి ఒకదాన్ని చంపి, రెండు రోజుల తర్వాత పాత సేవ్ నుంచి మళ్ళీ మొదలుపెట్టాడు. ఎందుకురా అంటే, "అమ్మా, అటు వెళ్తే ఏం వినపడట్లేదు" అన్నాడు.

నా మార్కులు 10కి 9. తగ్గించిన ఆ ఒక్కటీ రీపర్ భోజనానికి.