పవర్‌పాయింట్ కియోస్క్ మోడ్: మా బడిలో బాగుంది, పక్క బడిలో ఆగిపోయింది

పవర్‌పాయింట్‌లో నీకు నచ్చిందేమిటి అంటే కియోస్క్ మోడ్ పేరే చెప్తాను. హైస్కూల్లో సైన్స్ చెప్తుంటాను. సైన్స్ ఫెయిర్ వస్తే మా స్టాల్లో ఒక ల్యాప్‌టాప్ పెడతాం, స్లైడ్లు వాటంతటవే తిరుగుతుంటాయి. కీబోర్డు కనిపిస్తే పిల్లలు ఊరుకుంటారా? ‘సెటప్ స్లైడ్ షో’లో కియోస్క్ ఎంచుకుంటే మౌస్ ఎంత నొక్కినా, స్పేస్ బార్ ఎంత బాదినా షో తన దారిన తాను పోతుంది. చివరికొస్తే మళ్లీ మొదలు. ఎస్కేప్ ఒక్కటే దాన్ని ఆపేది. ఆ సంగతి కనిపెట్టే పిల్లాడు ప్రతి బ్యాచ్‌లోనూ ఒకడుంటాడు, వాడి కథ వేరు.

ఈ మురిపెమంతా ఫైల్ మన దగ్గరున్నంత వరకే.

పక్క మండలంలో పనిచేసే మాస్టారు అడిగితే కిరణజన్య సంయోగక్రియ షోని పీపీఎస్ఎక్స్‌గా పంపాను. డబుల్ క్లిక్ చేస్తే నేరుగా షోనే మొదలవుతుంది. ఆయన దాన్ని పవర్‌పాయింట్ లోపల్నుంచి తెరిచి, తన పాత ఫైల్లోని బడి పేరున్న స్లైడ్ తెచ్చి మొదట్లో అతికించారు. న్యాయమే, వాళ్ల స్టాల్‌కి వాళ్ల పేరు ఉండాలిగా. అయితే ఆ స్లైడ్‌కి టైమింగ్ లేదు, అంటే ఎన్ని సెకన్లకి తనంతట తాను మారాలో పెట్టలేదు. మామూలు షోలో ఒక క్లిక్‌తో దాటిపోయేది. కియోస్క్‌లో క్లిక్కే పనిచేయదు. బడి పేరు తెర మీద అలాగే నిలబడిపోయింది.

“సార్, ఏం నొక్కినా కదలట్లేదండీ, సిస్టం హ్యాంగ్ అయినట్టుంది” అని ఫోన్. అప్పటికే రీస్టార్ట్ కూడా చేసి చూశారట. అవతల చూడ్డానికి జనం వచ్చేస్తున్నారని టెన్షన్. ఎస్కేప్ కొట్టించి, పైనున్న ట్రాన్సిషన్స్ ట్యాబ్‌లో ‘ఆఫ్టర్’ దగ్గర టిక్ పెట్టించి, ఎనిమిది సెకన్లు వేయించాక గానీ షో కదల్లేదు. టైమింగ్ లేని స్లైడ్ ఒకటుందని ఒక్క హెచ్చరికైనా కనిపించలేదు, నా కోపమంతా దాని మీదే.

ఇప్పుడు బయటికి పంపేవి ఎక్స్‌పోర్ట్‌లో వీడియోగా మార్చేస్తున్నాను. టైమింగ్ లేని స్లైడ్‌కి పవర్‌పాయింటే 5 సెకన్లు వేసుకుంటుంది, కావాలంటే మార్చుకోవచ్చు. నేను శీర్షికలకి వాడే రామభద్ర ఫాంట్ లేని కంప్యూటర్లో అవి చెదిరిపోయే బాధ కూడా తప్పింది. పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీకి పెడితే చాలు. వాట్సాప్‌లో మాత్రం డాక్యుమెంట్‌గానే పంపాలి, లేకపోతే కుదించేసి అక్షరాలు మసకబారుస్తుంది.

అలాగని వీడియో గొప్పదనీ అనలేను. అందులో వాళ్ల బడి పేరు చేర్చుకోలేరు, ఒక ఒత్తు తప్పు పడినా దిద్దలేరు, లింకులు పనిచేయవు. మళ్లీ మొదటికి రావడం ఆ టీవీలోని రిపీట్ సెట్టింగ్ దయ.

నా స్టాల్‌కి ఇప్పటికీ కియోస్కే, పక్కనే నేనుంటాను కాబట్టి. మార్పులు చేసుకుంటామన్న వాళ్లకి మాత్రం కియోస్క్ తీసేసి, దిద్దుకోవడానికి తెరుచుకునే మామూలు పీపీటీఎక్స్ ఫైల్ ఇస్తున్నాను. గృహప్రవేశం ఫొటోల్లాంటివి ఇంట్లోవాళ్లకి చూపించుకునేవాళ్లకి ఈ తంటా ఏదీ అక్కర్లేదేమో.