స్లాట్ డైయా, కామా రోలా: కోటింగ్‌లో గీతలు పడకుండా ఏది మేలు?

మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా బ్యాటరీ గిగా ఫ్యాక్టరీకి 2023లో శంకుస్థాపన జరిగిన దగ్గర్నుంచి, లిథియం సెల్స్ వైపు రావాలనుకునే కుర్రాళ్లు నన్ను అడిగేది ఇదే: ఎలక్ట్రోడ్ కోటింగ్‌లో, అంటే లోహపు ఫాయిల్ మీద స్లర్రీ (బ్యాటరీ పదార్థం కలిపిన చిక్కటి ముద్ద) పూసేటప్పుడు, లోపాలు దేనితో తక్కువ?

కామా రోల్ అంటే కామా ఆకారపు అంచున్న రోల్; తొట్టిలోని స్లర్రీ దాని కింద సందులోంచి వెళ్లి పొరవుతుంది. దాన్ని తీసిపారేయను. ధర తక్కువ, త్వరగా కడిగి ఇంకో స్లర్రీ ఎక్కించొచ్చు. పైలట్ లైన్‌లో నేను చెయ్యి తిప్పింది దాని మీదే. కానీ అందులో మందం సందు మీదా, స్లర్రీ చిక్కదనం మీదా ఆధారపడుతుంది. రోల్ ఏమాత్రం వంకరగా తిరిగినా చుట్టుచుట్టుకీ ఆ వంకర కోటింగ్‌లో తేలుతుంది. స్లాట్ డై అంటే సన్నటి చీలిక ఉన్న మూసిన దిమ్మ; అందులో పంపు పంపినదంతా ఫాయిల్ మీదికే పోతుంది. 600 మిల్లీమీటర్ల వెడల్పు, నిమిషానికి 20 మీటర్ల స్పీడు, 150 మైక్రాన్ల తడి మందం కావాలంటే నిమిషానికి 1.8 లీటర్లు పంపాలి, అంతే.

అందరూ చెప్పేది ఈ లెక్కే. నాకు మాత్రం అసలు తేడా తొట్టిలో ఉంది. కామా ముందు స్లర్రీ గాలికి తెరిచి ఉంటుంది. స్లర్రీలోని ద్రావకం ఎన్‌ఎంపీ తేమను లాగేసుకుంటుంది. నికెల్ ఎక్కువున్న క్యాథోడ్ (ప్లస్ వైపు ఎలక్ట్రోడ్) స్లర్రీకి తేమ తగిలితే అందులోని బైండర్ (పొడిని పట్టి ఉంచే జిగురు) జెల్లీలా గట్టిపడుతుంది. తొట్టి అంచుల్లో ఎండిన మీగడ ఊడి సందులో ఇరుక్కుందంటే అల్యూమినియం ఫాయిల్ పొడవునా సన్నటి తెల్ల గీత. ఆపరేటర్ చూసేలోపు ఎన్ని మీటర్లు పోయాయో! డైలో స్లర్రీ మూసిన దారిలో వస్తుంది కాబట్టి ఈ బెడద చాలా తగ్గుతుంది.

అలాగని డైలో గీతలు పడవని కాదు. ఫిల్టర్ దాటిన ఉండ లిప్ (డై నోటి అంచు) దగ్గర ఆగుతుంది. సన్నటి ప్లాస్టిక్ షిమ్ (పలచటి రేకు)తో లాగేయాలి. తొందరపడి స్టీలు బ్లేడు పెట్టారో, లిప్ మీద గాటు పడి ఆ గీత ఇక పోదు. ఇంకొకటి, తడి పొర మరీ పలచనైనా, స్పీడు పెంచినా లిప్ కింద స్లర్రీ నిలవలేక గాలి దూరుతుంది, నిలువు చారలు కడతాయి. వెనకవైపు గాలి లాగేసే వాక్యూమ్ బాక్స్ పెడితే కొంత నిలదొక్కుకుంటుంది.

గ్రావ్యూర్ (చిన్న గుంటలు చెక్కిన రోల్‌తో పూయడం) సంగతా? ఒకటి రెండు మైక్రాన్ల కార్బన్ పూతకు బాగుంటుంది. అసలు ఎలక్ట్రోడ్ పొరకు దాని జోలికి పోవద్దు.

నా ఓటు డైకే, అంచులతో వేగే ఓపిక ఉంటేనే సుమా. కోటింగ్ అంచు మధ్యకన్నా 5 మైక్రాన్లు మందమైతే 500 చుట్లకి, చుట్టిన రోల్ అంచున 2.5 మిల్లీమీటర్ల గట్టు లేస్తుంది, ఫాయిల్ ముడతలు పడుతుంది. అది సరిచేయడానికి మేము డై లోపలి సందులో ఉండే షిమ్ మూలలు కొద్దికొద్దిగా కోసుకుంటూ, మళ్లీ బిగించి చూసుకుంటూ రెండు షిఫ్టులు పోగొట్టుకున్నాం.