మెడ రక్తనాళాల స్కాన్ ప్యాకేజీ కొనేవారికి హెచ్చరిక: ఆ శాతం దేని లెక్కో తేలనిదే స్టెంట్‌కు ఒప్పుకోవద్దు

ఏ ఇబ్బందీ లేనివారికి కూడా ‘పక్షవాతం రాకుండా ముందుజాగ్రత్త’ అంటూ మెడలోని కెరోటిడ్ ధమనులకు డాప్లర్ స్కాన్ (ధ్వని తరంగాలతో రక్తప్రవాహాన్ని చూసే పరీక్ష) చేసే ప్యాకేజీలు అమ్ముతున్నారు. అటువంటి ప్యాకేజీ ఒకటి మా పెదనాన్నగారిని దాదాపు స్టెంట్ బల్ల దాకా తీసుకువెళ్లింది. ఫిర్యాదు విచారణలో ఉన్నందువల్ల ఆ కేంద్రం పేరు రాయడం లేదు; అయినా ఇక్కడ చెప్పే సంగతులు ఏ కేంద్రానికైనా వర్తిస్తాయి.

వారిచ్చిన రిపోర్టులో ‘కుడి అంతర్గత కెరోటిడ్ ధమనిలో (కెరోటిడ్ నుంచి మెదడుకు వెళ్లే శాఖలో) 70 శాతం ఇరుకు’ అన్న ఒక్క వాక్యమే ఉంది. రక్తప్రవాహ వేగాలు నమోదు చేయవలసిన గడులన్నీ ఖాళీ. ఆ కాగితం చేతికి అందిన వెంటనే, వైద్యుడు కాని ఒక కౌన్సెలర్ వచ్చి, 70కి చేరితే స్టెంట్ తప్పదని, ఆలస్యం చేస్తే ఏ రాత్రయినా పక్షవాతం రావచ్చని, అడ్వాన్సు కట్టి ఆ వారంలోనే తేదీ ఖాయం చేసుకోవాలని ఒత్తిడి తెచ్చారు. పడుకుని లేచినప్పుడు అప్పుడప్పుడు తల తిరుగుతోందని పెదనాన్నగారు అనడమే తడవు, అదే రోగలక్షణమని తేల్చేశారు.

స్కాన్ చిత్రాలను అడిగి తీసుకుని వేరొక న్యూరాలజిస్టుకు చూపించగా, అసలు సంగతి బయటపడింది. ఆ 70 శాతం రక్తనాళపు అడ్డుకోత వైశాల్యంలో కనిపించిన తగ్గుదల. వ్యాసం, అంటే నాళపు అడ్డు కొలత, ప్రకారం లెక్కిస్తే అదే ఇరుకు సుమారు 45 శాతం మాత్రమే. వ్యాసం సగమైతే వైశాల్యం నాలుగోవంతుకు పడిపోతుంది కనుక, ఒకే ఇరుకును 50 శాతమనీ చెప్పవచ్చు, 75 శాతమనీ చెప్పవచ్చు. రెండూ అబద్ధం కావు. అయితే ఆపరేషన్ అవసరమా కాదా అని నిర్ణయించే హద్దులు వ్యాసం లెక్క మీద ఏర్పడినవి. వైశాల్యపు అంకెను తెచ్చి ఆ హద్దు పక్కన నిలబెట్టడమే ఇక్కడ జరిగిన మోసం. వ్యాసంలోనూ లెక్క ఒకటే కాదు. ఉత్తర అమెరికాలో జరిగిన నాస్కెట్ అధ్యయనం ఇరుకైన చోటి వ్యాసాన్ని, దానికి పైన నాళం మామూలుగా ఉన్న చోటి వ్యాసంతో పోల్చింది. యూరప్ అధ్యయనం మాత్రం ఇరుకైన చోటే నాళం మొదట ఎంత వెడల్పు ఉండేదో అంచనా కట్టి పోల్చడం వల్ల, అదే ఇరుకుకు ఆ లెక్కలో పెద్ద అంకె వస్తుంది.

కౌన్సెలర్ చెప్పిన ‘70’ హద్దు వెనుక ఉన్న ఆధారాన్ని కూడా చూడాలి. 1991లో వెలువడిన నాస్కెట్ ఫలితాల ప్రకారం, 70 నుంచి 99 శాతం ఇరుకు ఉండి మందులు మాత్రమే వాడినవారిలో రెండేళ్లలో 26 శాతం మందికి ఆ నాళం ఉన్న వైపు మెదడులో స్ట్రోకు రాగా, నాళాన్ని తెరిచి లోపల కొవ్వు పేరుకుని ఏర్పడిన ప్లాక్‌ను తీసివేసే ఎండార్టెరెక్టమీ చేయించుకున్నవారిలో అది 9 శాతం. అది నిజంగానే పెద్ద తేడా. కానీ ఆ అధ్యయనంలో చేరినవారందరూ అప్పటికే చిన్న స్ట్రోకుకో, కాసేపు కనిపించి తగ్గిపోయే స్ట్రోకు లక్షణాలకో గురైనవారే. ఏ లక్షణమూ లేని మనిషికి ఆ అంకెలు చూపించి తొందరపెట్టడం న్యాయం కాదు.

ఇరుకైన చోట రక్తం మరింత వేగంగా పరుగెడుతుంది కనుక, రిపోర్టులో మొదట చూడవలసినది అంతర్గత కెరోటిడ్‌లో రక్తపు గరిష్ఠ వేగం. సాధారణంగా వాడే ప్రమాణం ప్రకారం అది సెకనుకు 125 సెంటీమీటర్ల లోపు ఉంటే ఇరుకు 50 శాతానికి తక్కువని, 230 దాటితే 70 శాతమో అంతకు మించో ఉందని భావిస్తారు. మరోచోట తిరిగి చేయించిన డాప్లర్‌లో పెదనాన్నగారికి వచ్చినది 110. వేగం కూడా తప్పుదారి పట్టించవచ్చు: డాప్లర్ కోణం (ధ్వని తరంగానికి, రక్తప్రవాహానికి మధ్య కోణం) 60 డిగ్రీలు మించినా, రెండో వైపు ధమని పూర్తిగా మూసుకుపోయినా అంకె పెరుగుతుంది, ప్లాక్‌లో కాల్షియం గట్టిపడితే దాని నీడలో అసలేమీ సరిగా కనిపించదు. అందుకే ఒక్క డాప్లర్‌ను నమ్మి స్టెంట్‌కు వెళ్లకుండా, సీటీ లేదా ఎంఆర్ యాంజియోగ్రామ్‌తో నిర్ధారించమని కోరవచ్చు.

తల తిరగడం ఒక్కటే ఉంటే దానిని కెరోటిడ్ ఇరుకుకు లక్షణంగా పరిగణించరు. పెదనాన్నగారి విషయంలో, లేచి నిలబడగానే రక్తపోటు పడిపోతున్నదని కొలిచి చూపించారు. ఒక కంటికి తెర దించినట్లు చూపు పోయి తిరిగి రావడం, ఒక వైపు చేయి, కాలు లేదా ముఖం పట్టు తప్పడం, మాట తడబడటం అసలైన లక్షణాలు. అవి నిమిషాల్లో తగ్గిపోయినా సరే, అదే రోజు అత్యవసర విభాగానికి వెళ్లాలి. ఇరుకు తీవ్రంగా ఉంటే ఆపరేషన్ సాధారణంగా రెండు వారాల్లోపు జరగాలంటారు. తొందర పడవలసినది అటువంటివారే.

లక్షణాలు లేనివారికి కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు, రక్తపోటు, మధుమేహాల అదుపు, పొగ మానడం, వైద్యులు అవసరమంటే ఆస్పిరిన్ ముందు వరుసలో ఉంటాయి. ఇరుకు నిజంగా తీవ్రమైన కొందరికి ఆపరేషనో స్టెంటో మేలు చేయవచ్చు. అయితే ఆ ప్రక్రియలోనే ప్లాక్ ముక్క కదిలి స్ట్రోకు తెప్పించే ప్రమాదం ఉంది కాబట్టి, ఇటువంటివారిలో స్ట్రోకు, మరణం కలిపి 3 శాతం లోపు ఉన్న వైద్య బృందాలే చేయాలని మార్గదర్శకాలు చెబుతాయి. మీ శాతం ఎంత అని సర్జన్‌ను అడగడానికి మొహమాటపడనవసరం లేదు. లక్షణాలు లేని సాధారణ ప్రజలకు ఈ స్కాన్ చేయవద్దని అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ 2014లోను, తిరిగి 2021లోను సిఫారసు చేసింది. ప్యాకేజీ కరపత్రాలలో ఆ మాట ఎందుకు ఉండదో వేరే చెప్పాలా?

ఇప్పటికే ఇటువంటి రిపోర్టు చేతిలో ఉన్నవారు అడ్వాన్సు కట్టే ముందు స్కాన్ చిత్రాలు, వేగాల పట్టిక, శాతాన్ని ఏ పద్ధతిలో లెక్కించారో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. పెదనాన్నగారికి స్టాటిన్ మొదలుపెట్టి, రక్తపోటు మాత్రల మోతాదు మార్చారు. ఏడాది తరువాత డాప్లర్ మళ్లీ చేయించాలని, యంత్రం మారితే వేగాలను పోల్చడం కష్టం కనుక రెండోసారి చేయించిన ల్యాబ్‌కే వెళ్లాలని న్యూరాలజిస్టు రాసిచ్చారు.