ఇంట్రాన్ల పుట్టుక వెతికేవారికి యూసీఎస్‌సీ జీనోమ్ బ్రౌజర్

జన్యువు మధ్యలో ఉండి, ఆర్‌ఎన్‌ఏ తయారయ్యాక కత్తిరించి తీసేసే ముక్కలైన ఇంట్రాన్లు తొలి జీవకణాల నాటివా, తర్వాత వచ్చి దూరినవా అన్న వాదనకు ముడిసరుకు రెండే: అవి ఉన్న చోటు, కోడాన్‌ను (ఒక అమైనో ఆమ్లాన్ని సూచించే మూడక్షరాలను) ఎక్కడ కోస్తాయో చెప్పే ఫేజ్ (0 అంటే రెండు కోడాన్ల మధ్య, 1 అంటే మొదటి అక్షరం తర్వాత, 2 అంటే రెండో అక్షరం తర్వాత). రెండూ ఉచితంగా దొరికేది కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటాక్రూజ్ (యూసీఎస్‌సీ) నడిపే ఈ జీనోమ్ బ్రౌజర్‌ వెనకున్న పట్టికల్లో. పైన కనిపించే రంగుల బొమ్మలతో ఈ పనికి పెద్దగా అవసరం రాదు.

టేబుల్ బ్రౌజర్‌లో హెచ్‌జీ38 (మానవ జీనోమ్ కూర్పు), ఎన్‌సీబీఐ రెఫ్‌సెక్ (జన్యువుల ప్రామాణిక జాబితా) ట్రాక్, అందులో 'రెఫ్‌సెక్ సెలెక్ట్' పట్టిక ఎంచండి. మొత్తం రెఫ్‌సెక్ తీసుకుంటే ఒకే జన్యువు పలు ట్రాన్స్‌క్రిప్ట్‌లుగా (ఆర్‌ఎన్‌ఏ రూపాలుగా) వచ్చి అదే ఇంట్రాన్ మళ్లీ మళ్లీ లెక్కలో పడుతుంది. అన్ని గడులూ అడిగితే 'ఎక్సాన్‌ఫ్రేమ్స్' కూడా వస్తుంది. ఇంట్రాన్ తర్వాతి ఎక్సాన్‌కున్న (కత్తిరింపు తర్వాత మిగిలే ముక్కకున్న) 0, 1, 2 అంకే ఆ ఇంట్రాన్ ఫేజ్. -1 ఉంటే ఆ ఎక్సాన్‌లో కోడింగ్ (ప్రొటీన్‌గా మారే భాగం) లేదు.

అసలు ఉచ్చు ఇక్కడుంది. ప్రారంభ కోడాన్ రెండో ఎక్సాన్‌లో పడితే దాని ఫ్రేమ్ 0 అవుతుంది. ముందున్న ఇంట్రాన్ నిజానికి కోడింగ్ బయటిది, అయినా ఫేజ్ 0 ఖాతాలో చేరిపోతుంది. ఫేజ్ 0 ఎక్కువగా ఉండటమే 'ఇంట్రాన్లు ప్రాచీనం' అన్నవారి ప్రధాన ఆధారాల్లో ఒకటి కాబట్టి ఈ తప్పు చిన్నది కాదు. రెండు పక్కలా కోడింగ్ ఉన్న ఇంట్రాన్లనే ఉంచండి. మైనస్ స్ట్రాండ్ (డీఎన్‌ఏ ఎదురు పోగు) జన్యువుల్లో ఎక్సాన్ల వరుస తిరగేయాలి. జన్యువుల చోట్లు రాసే మరో పద్ధతైన జీటీఎఫ్ ఫైలుతో పోల్చేవారు అక్కడ 1, 2 తారుమారై ఉంటాయని గుర్తుంచుకోవాలి. చోట్లు రాసే ఇంకో రకమైన బెడ్ ఫైల్లో మొదలు 0 నుంచి లెక్క. ఒక్క అక్షరం జరిగితే ఇంట్రాన్ మొదట్లో సాధారణంగా ఉండే జీటీ అక్షరాలు కనబడవు, పసిగట్టడం తేలికే.

పోలిక దగ్గర మాత్రం బ్రౌజర్ చేతులెత్తేస్తుంది. 100 జాతుల కన్సర్వేషన్ ట్రాక్ అంతా వెన్నెముక జీవులే, వాటిలో ఇంట్రాన్ చోట్లు దాదాపు కదలవు. బ్రౌజర్‌లో సీక్వెన్స్‌లు వెతికే సాధనం బ్లాట్‌తో మొక్కలదాకా వెళ్లలేం, ప్రొటీన్ 80 శాతం కలిస్తేనే అది నమ్మకంగా పట్టుకుంటుంది. ఈస్ట్‌ను ఒక్కదాన్నే ఎదురుగా పెట్టినా తప్పుదారే: దాదాపు 6,000 జన్యువులకు 300 దరిదాపు ఇంట్రాన్లే మిగిలాయి, మిగతావి పోగొట్టుకుంది.

టీపీఐ (ట్రయోస్‌ఫాస్ఫేట్ ఐసోమరేజ్ అనే ఎంజైమ్) జన్యువుతో పద్ధతి సరిచూసుకోవచ్చు. 1986లో మర్చియోనీ, గిల్బర్ట్ మొక్కజొన్న టీపీఐలో 8, కోడిలో 6 ఇంట్రాన్లు చూపారు. 5 సరిగ్గా ఒకే చోట, ఒకటి మూడు అమైనో ఆమ్లాలు జరిగి ఉంది. రెండు ప్రొటీన్లను అలైన్ చేసి (పక్కపక్కన వరుస కలిపి), వాటి మీద ఇంట్రాన్ చోట్లు గుర్తిస్తే ఇదే రావాలి.