లక్నవరం, తాడ్వాయి, బొగత: నలుగురం, రెండు రాత్రులు

సముద్రం చూడాలంటే మా హనుమకొండ నుంచి రాత్రంతా ప్రయాణం చేయాల్సిందే. చిన్నప్పటి నుంచి మాకు నీళ్లంటే చెరువే. పోయిన బతుకమ్మకు వారం ముందు, ఇంటర్ నుంచి కలిసి తిరుగుతున్న నలుగురం కారేసుకుని ములుగు తొవ్వ పట్టాం. మల్లంపల్లి దాటాక రోడ్డుకు రెండు పక్కలా గునుగు విరగబూసి ఉంది. బతుకమ్మ పేర్చడానికి ఆ పూలు వచ్చేటప్పుడు కోసుకురమ్మని అమ్మ ముందే చెప్పి పంపింది.

రామప్ప గురించి ఎక్కువ రాయను. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పటి నుంచి అందరికీ తెలిసిందే. ఒక్కటే చెప్తాను, పొద్దున్నే వెళ్లండి. ఏటవాలు ఎండలో మదనికల, అంటే నల్లరాతి ఆడబొమ్మల, నగల నీడలు వాళ్ల ఒంటిమీదే పడతాయి. మధ్యాహ్నం పోతే ఆ అందం దొరకదు.

చల్వాయి దగ్గర మళ్లి లక్నవరం చేరాం. గుట్టల మధ్య సందులకు కాకతీయులు కట్టలు పోసి నిలిపిన చెరువిది. వానలకు నిండిపోయి గుట్టలన్నీ దీవులైనయి. గురువారం కాబట్టి వేలాడే వంతెన మీద ఎవరూ తోసుకోలేదు. మధ్యలో నిలబడి, కాళ్ల కింద వంతెన ఊగుతుంటే నీళ్లు చూస్తూ చాలాసేపు గడిపాం. ఆదివారం ఇంతకుముందు ఒకసారి వచ్చాను, ఫొటోల కోసం జనం ఆగి ఆగి అడుగు కదిలేది కాదు. వీలైతే వారం మధ్యలోనే రండి.

తప్పు చేసింది రాత్రి బస విషయంలో. ఫోన్‌లో ఫొటోలు చూసి, ప్రైవేటుగా టెంట్లు వేసే ఒకచోట మనిషికి 1,500 కట్టాం. 'చెరువు ఎదురుగానే అన్నా' అన్నారు. తీరా చూస్తే చెరువుకు అర కిలోమీటరు ఇవతల ఒక చెలక. ఇరవై మందికి ఒకటే బాత్రూం. పదకొండింటికి వాన మొదలైంది. టెంట్ మీద కప్పిన పట్టా పొట్టిది, మూలల్లోంచి నీళ్లు దిగి పరుపులు నానిపోయాయి. ఫోన్ చేస్తే 'పొద్దుగాల చూద్దాం అన్నా' అని పెట్టేశాడు. తెల్లారేదాకా కారులో ముడుచుకుని కూర్చున్నాం. టెంట్ మీద మోజుంటే చలికాలం రండి. వానల్లో అయితే పర్యాటక శాఖ కాటేజీలు ముందే బుక్ చేసుకోండి.

రెండో రాత్రి తాడ్వాయిలో అటవీ శాఖ కుటీరాల్లో ఉన్నాం. గది చిన్నదే, కానీ దుప్పట్లు పొడిగా, శుభ్రంగా ఉన్నాయి. ముందు రాత్రి తర్వాత అంతకంటే ఏం కావాలి? మర్నాడు ఆరింటికి వాచర్ మమ్మల్ని అడవిలోకి నడిపించుకుపోయాడు. ఈ ప్రయాణంలో నా మనసులో నిలిచిపోయింది ఆ రెండు గంటలే. ఒక పుట్ట సగానికి తవ్వేసి ఉంది. ఎలుగుబంటి చెదల కోసం రాత్రే తవ్వినట్టుంది, మట్టి ఇంకా తడిగా ఉంది. గోళ్లు గీరిన చాళ్లలో ఆయన తన వేళ్లు పెట్టి చూపించాడు, సరిగ్గా పట్టలేదు, ఆ చాళ్లే వెడల్పు. మొసలి వీపులా పగిలిన బెరడున్న నల్లమద్ది దగ్గర ఆగి, 'ఎండకాలం ఈ బొడిపెకు గాటు పెడితే నీళ్లొస్తయి సార్' అన్నాడు. ఇంకాస్త ముందుకు పోతే వేళ్లతో సహా లేచిపోయిన చెట్లు, ఒకేవైపు పడి ఉన్నాయి. 2024 ఆగస్టు చివర్లో గాలివానకు వేల చెట్లు కూలింది ఈ అడవిలోనే. అక్కడ మాలో ఎవరికీ మాట రాలేదు. జంతువు ఒక్కటీ కనపడలేదు, అయినా ఎవరం ఆ ఊసెత్తలేదు.

అక్కడి నుంచి ఏటూరునాగారం, ముల్లకట్ట వంతెన మీద గోదావరి దాటి వాజేడు మండలం బొగత జలపాతం. ఎత్తు పెద్దగా ఉండదు, కానీ చీకుపల్లి వాగు వెడల్పుగా విరిగిపడే తీరు చూడాలి. ప్రవాహం ఎక్కువగా ఉందని ఆరోజు నీళ్లలోకి దిగనివ్వలేదు. మావాడొకడు సిబ్బందిని బతిమాలుతుంటే నేనే వెనక్కి లాగాను. 2023 జులైలో, ఇదే ములుగు జిల్లాలోని ముత్యంధార జలపాతం చూడబోయినవాళ్లు వాగు పొంగి రాత్రంతా అడవిలో చిక్కుకుపోయారు, విపత్తు దళాలు వచ్చి బయటకు తేవాల్సి వచ్చింది. వద్దంటే వద్దనే. ఈతే కావాలనుకుంటే వానలు తగ్గాక రండి.

పెట్రోలు ఏటూరునాగారంలోనే నింపుకోండి, చేతిలో నగదు ఉంచుకోండి. మా ఫోన్లకు తాడ్వాయి దాటాక సిగ్నల్ వస్తూ పోతూ ఉంది.

తిరుగు ప్రయాణంలో పొద్దు గూకే వేళకు మల్లంపల్లి చేరి, డిక్కీ నిండా గునుగు కోసుకున్నాం. మిగతా ముగ్గురి ఇళ్లకూ తలా ఒక కట్ట పంచి, మిగిలింది అమ్మ చేతిలో పెట్టాను.