ఒకే కోర్సు, ఐదు ధరలు: గ్రామీణ బ్యాంకు పరీక్షల ఆన్‌లైన్ శిక్షణపై మా అనుభవం

మా అమ్మాయి నిరుడు డిగ్రీ పూర్తి చేసి, గ్రామీణ బ్యాంకుల ఆఫీస్ అసిస్టెంట్ పరీక్షకు సిద్ధమవుతోంది. విశాఖపట్నంలో హాస్టల్లో ఉంచి కోచింగ్ ఇప్పించేంత వెసులుబాటు మాకు లేదు. పైగా ఈ పరీక్ష తెలుగులోనూ రాయవచ్చు కనుక, శ్రీకాకుళంలో ఇంటి పట్టునే ఉండి చదువుకుంటానని తనే అంది. అలా ఒక పేరున్న శిక్షణ యాప్‌లో తెలుగు మాధ్యమం కోర్సు కొన్నాం. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. ఐదు నెలలు వాడాక నాకు తేలింది ఏమిటంటే, పాఠాల మీద పెద్దగా ఫిర్యాదు లేదు, ఫిర్యాదంతా ధర మీదనే.

పాఠాల సంగతి ముందు చెప్పేస్తాను. ప్రిలిమ్స్‌లో, అంటే తొలి దశ పరీక్షలో, 45 నిమిషాల్లో 80 ప్రశ్నలు చేయాలి, తప్పు జవాబుకు పావు మార్కు పోతుంది. అంటే లెక్క రావడం ఒక్కటే చాలదు, ఏ లెక్కను వదిలేయాలో కూడా తెలియాలి. అంకగణితం చెప్పే మాస్టారు ఈ రెండో విద్యను చక్కగా నేర్పుతారు. రీజనింగ్ పాఠాలు ఫరవాలేదు. మాక్ టెస్టుల తెలుగు అనువాదం మాత్రం దారుణం. ‘ఎనిమిది మంది ఉత్తరాన్ని ఎదుర్కొంటూ కూర్చున్నారు’ అని ఒక ప్రశ్నలో ఉంది. ఉత్తర ముఖంగా కూర్చున్నవాళ్లను యుద్ధానికి పంపిన ఆ వాక్యం చూసి మా ఇంట్లో ఒక పూటంతా నవ్వుకున్నాం. అలాంటి వాక్యాలకు అలవాటు పడి అసలు పరీక్షలో కూర్చుంటే మాత్రం నవ్వడం కష్టం.

ఇక ధర. మా అమ్మాయి నెల రోజులుగా ఆ యాప్‌లో ఉచిత పాఠాలు వింటోంది. కొనాలని నిర్ణయించుకున్న రోజు సాయంత్రం ఆమె ఫోనులో 9,999 రూపాయలను గీత కొట్టేసి, కింద 2,999 అని చూపించింది. పక్కనే ఒక గడియారం, రాయితీ ముగియడానికి 2 గంటల 14 నిమిషాలే ఉందని సెకన్లతో సహా తరుగుతోంది. తొందరపడకుండా డబ్బు కట్టే పేజీ దాకా వెళ్లి చూశాం. 18 శాతం జీఎస్టీ 539 రూపాయల 82 పైసలు, ‘హ్యాండ్లింగ్’ పేరుతో మరో 49, మేము అడగని ముద్రిత పుస్తకాల కట్ట 399. ఆ పుస్తకాల పక్కన టిక్కు ముందే పెట్టి ఉంది. 2,999 దగ్గర బయలుదేరినవాళ్లం 3,986 రూపాయల 82 పైసల దగ్గర తేలాం.

అనుమానం వచ్చి నా ఫోనులో అదే యాప్‌ను కొత్తగా వేసుకుని, రెండు ఫోన్లనూ భోజనాల బల్ల మీద పక్కపక్కన పెట్టి చూశాను. అదే కోర్సు, అవే 12 నెలలు, అవే మాక్ టెస్టులు. నా ఫోనులో ధర 2,499. నెల రోజులు శ్రద్ధగా విన్న పిల్లకు ఐదు వందలు ఎక్కువ, ఆ క్షణమే గడప తొక్కిన నాకు ఐదు వందలు తక్కువ. నేను పనిచేసే పాఠశాల కంప్యూటరులో సంస్థ వెబ్‌సైటు తెరిస్తే అన్ని పన్నులతో కలిపి 3,299. బెంగళూరులో ఉన్న మా మేనల్లుడు తన ఐఫోనులో చూసి 3,899 అన్నాడు. ఈ చివరిదానికి కొంత కారణం ఊహించగలను. యాపిల్ తన స్టోరు ద్వారా జరిగే డిజిటల్ అమ్మకాల మీద 30 శాతం దాకా కమిషన్ తీసుకుంటుంది కనుక, చాలా సంస్థలు ఆ భారాన్ని కొనేవాడి నెత్తిన వేస్తాయి. మిగతా తేడాలకు అలాంటి కారణం ఏదీ నాకు కనిపించలేదు. మర్నాడు స్టాఫ్ రూములో ఈ మాట ఎత్తితే, మా లెక్కల మాస్టారు, తన కొడుకు పది రోజుల క్రితం అదే కోర్సును అన్నీ కలిపి 1,999కి కొన్నాడని చెప్పారు. కొనకుండా వదిలేస్తే వాళ్లే ఫోను చేశారట.

నేనూ వదిలేసి చూశాను. మూడో రోజు ఫోను వచ్చింది. మాట్లాడిన అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. రెండు ఫోన్లలో రెండు ధరలు ఎందుకున్నాయని అడిగితే, “అది మీ ప్రొఫైల్‌కి వచ్చిన ఆఫర్ సార్” అంది. “సరేనమ్మా, అసలు ధర ఎంతో చెప్పు” అన్నాను. ఒక క్షణం ఆగి, “మీరు ఎంతలో అనుకుంటున్నారు సార్?” అని అడిగింది. ఆ అమ్మాయిని తప్పు పట్టను, ఆమె జీతం ఆ ప్రశ్న మీదే నడుస్తున్నట్టుంది. కానీ ఆ ఒక్క ప్రశ్నతో 9,999 ఎందుకు గీత కొట్టించుకుని ఉందో నాకు అర్థమైంది. ఆ ధరకు ఎవరూ కొనరు, కొనాలని పెట్టింది కూడా కాదు. మా ఊరి రైతు బజారులో పొద్దున్నే బోర్డు మీద వంకాయ కిలో ఎంతో, బెండకాయ కిలో ఎంతో రాస్తారు, కలెక్టరు గారు వెళ్లినా నేను వెళ్లినా అదే ధర. సంతలో బేరం ఉంటుంది, నిజమే. కానీ అక్కడ పక్కవాడు ఎంతకు కొన్నాడో మన చెవిన పడుతుంది. ఇక్కడ ఎవరి ఫోను వారికే, ఎవరి ధర వారికే.

చివరికి అన్నీ కలిపి 2,199కి ఒప్పుకుని కొన్నాం. రసీదులో 1,863 రూపాయల 56 పైసలు కోర్సుకు, 335 రూపాయల 44 పైసలు జీఎస్టీకి అని సరిగానే వేశారు. నాలుగు రోజులు తిరగకుండా నా ఫోనుకు సందేశం వచ్చింది, అదే కోర్సు 1,799 అట. తేడా నాలుగు వందలు వెనక్కి ఇవ్వమని రాస్తే, రాయితీలు మారుతూ ఉంటాయని, కొన్న తర్వాత సర్దుబాటు ఉండదని జవాబిచ్చారు.

ధర తగ్గించడం నేరమేమీ కాదు, ఆ సంగతి నాకూ తెలుసు. అయితే 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం, అమ్మేవారు అన్ని రుసుములూ పన్నులూ కలిపిన మొత్తం ధరను ఒకే అంకెగా, దాని వివరాలతో సహా చూపించాలి. ముందే టిక్కు పెట్టి కొనేవారి సమ్మతిని రాసుకోకూడదు. ఒకే తరగతికి చెందిన వినియోగదారుల మధ్య వివక్ష చూపకూడదు. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ జారీ చేసిన మార్గదర్శకాలు 13 రకాల మోసపు పద్ధతులను పేర్కొన్నాయి. లేని తొందరను కల్పించడం, అడగని వస్తువును బుట్టలో వేయడం, ధరను మొదట తక్కువగా చూపి చివరికి పెంచడం, ఈ మూడూ ఆ జాబితాలో ఉన్నాయి. మా బల్ల మీద ఒక్క సాయంత్రంలో మూడూ కనిపించాయి.

రెండు ఫోన్ల తెరల ఫోటోలు, తేదీ, సమయం కనిపించేలా ముందే తీసి ఉంచాను కనుక జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయడం సులువైంది. సంస్థ దారికి రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు, 5 లక్షల లోపు కొనుగోలు వివాదాలకు అక్కడ రుసుము లేదు. కానీ నాలుగు వందల కోసం సెలవు పెట్టి తిరగడానికి నా ప్రాణం ఒప్పలేదు. రెండు వారాలకు సంస్థవారు డబ్బు బదులు మరో మూడు నెలల గడువు ఇస్తామన్నారు, తీసుకున్నాం.

పాఠాలకు ఐదింట నాలుగు ఇస్తాను, మాక్ టెస్టులకు రెండున్నర, ధర చూపే పద్ధతికి ఒకటి, అది కూడా రసీదు సరిగా ఇచ్చినందుకు. కొనదలచిన వారు మొదట యాప్‌లో లాగిన్ కాకుండా వెబ్‌సైటులో చూడండి, ఆపైన ఇంట్లో మరొకరి ఫోనులో చూడండి, డబ్బు కట్టే పేజీలో ప్రతి టిక్కునూ చదవండి, మూడు రోజులు ఆగండి. నా ఫోనులో ఆ యాప్ ఇంకా ఉంది. నిన్న రాత్రి తెరిస్తే రాయితీ ముగియడానికి 1 గంట 12 నిమిషాలు ఉందని చెప్పింది.